చర్చలకి వెళ్ళినవాడు

మా అన్న చర్చలకి వెళ్ళి ఇవాళ్టికి మూడేళ్ళ రెండు నెలలైంది. ఇంకా తిరిగి రాలేదు. ఈలోగా మంత్రి అయ్యాడు, టీవీలో రోజూ కనబడుతూనే ఉన్నాడు. అయినా రాలేదనే మా అమ్మ లెక్క. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు. ఇప్పుడు రావడం లేదు.

చర్చలంటే మా సారిపేట జనపనార మిల్లులో ఒక పద్ధతుంది. యూనియన్ ఆఫీసులో ఓ ఇనప్పెట్టె ఉండేది. మా నాన్న చిన్నతనంలో దానికి ఒకే తాళం. ఆ తాళంచెవి మొలకి కట్టుకుని తిరిగే కార్యదర్శి ఓ రోజు సభ్యుల పేర్ల పుస్తకం తీసుకెళ్ళి యజమానికి చూపించాడు. మర్నాటికి నలభై రెండు మంది గేటు బయట ఉన్నారు. అప్పట్నుంచి పెట్టెకి మూడు తాళం కప్పలు వేశారు. మూడు చెవులూ ముగ్గురు మనుషుల దగ్గర ఉంటాయి. యజమానితో మాట్లాడ్డానికి ఎవరైనా వెళ్తుంటే మాత్రం, ఆ మూడింటినీ అతని తువ్వాలు కొసన ముడేసి పంపిస్తారు. నువ్వు లేకుండా మేమేమీ తెరవం, నువ్వూ అక్కడే ఉండిపోకు అని దానర్థం. తిరిగొచ్చాక గేటు ముందు అందరూ చూస్తుండగా ముడి విప్పి, ఎవరి చెవి వాళ్ళకిచ్చెయ్యాలి. అవి తిరిగొచ్చేదాకా ఎవరూ పనిలోకి దిగకూడదు. మా అన్న జగ్గునాయుడు పద్దెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళాడో, అన్నిసార్లూ ముడి విప్పాడు.

అందుకే నమ్మాం. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయని ఊరికే అన్నారా!

మా నాన్న నార దువ్వే కార్డింగ్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆఖరి వారం సాసర్లో టీ ఒలికిపోయేది. ఏంటి నాన్నా చేతులు వణుకుతున్నాయి అంటే, చలి అనేవాడు. మే నెలలో చలి! నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అదే మిల్లులో కరెంటు పని నేర్చుకుంటున్నాను. వరసగా మూడో రోజు రెండు షిఫ్టులు చేస్తుండగా రోలరు ఆయన చేతిని నారతో పాటు లోపలికి లాక్కుంది. మిషన్ ఆపే మీట పది అడుగుల దూరంలో ఉంది. ఎవరో పరుగెత్తి ఆపేసరికి నాన్న ప్రాణం పోయింది. యజమాని మనిషి వచ్చి, పరధ్యానంగా ఉన్నాడని రాసుకుపోయాడు. పరధ్యానం కాదు, అలుపు. అది వారం ముందే సాసర్లో కనబడింది. చూసినదాన్ని నేను, పట్టించుకోనిదాన్నీ నేనే.

ఆ తరవాత నాలుగేళ్ళు కూర్చుని అలుపు పట్టీ చేశాను. మణికట్టుకి కట్టుకునే గుడ్డ పట్టీ. వేళ్ళ వణుకూ, నాడీ, చెమటలో ఉప్పూ చూసి ఒక అంకె చెబుతుంది. సున్నా అంటే నిద్రలేచిన ఒళ్ళు. వంద అంటే పడిపోయే ఒళ్ళు. మొదటి పట్టీ అమ్మకే. స్పిన్నింగులో మూడో వరస ఆవిడది. గాజులు మోచేతి వైపు జరిపి, ఒకటో నంబరు పట్టీని అన్నే కట్టాడు. బిగుతుగా ఉందా అమ్మా అని రెండుసార్లు అడిగాడు. అమ్మ మిషన్ ముందు నిలబడింది, నేను అంకె చదువుతున్నాను. ఇరవై, ముప్పై నాలుగు, యాభై ఒకటి. షిఫ్టు దిగేసరికి డెబ్భై తొమ్మిది. అన్న ఆ అంకె చూసి గోడవైపు తిరిగి ఏడ్చాడు. అది నటన కాదు. ఇవాళ ఆయన మీద ఎంత కోపమున్నా ఆ ఏడుపు అబద్ధమని మాత్రం అనలేను.

అంకె పక్కన పేరు పెడదామని నేననుకున్నాను. కూర్మయ్య తాత ఒప్పుకోలేదు. తాత రిటైరైన నేతపనివాడు. ఆదివారం ఆదివారం యూనియన్ ఆఫీసులో మాకు పాఠాలు చెప్పేవాడు. చోడంబలి తాగుతూ, పెట్టుబడి గురించీ రాజ్యం గురించీ మీసాలకి అంబలి అంటించుకుని మరీ చెప్పేవాడు.

"అలుపుకి పేరెట్టకు గుంటా," అన్నాడు. "పేరుంటే ఎవుడో ఒకడు దాన్ని పట్టుకుంటాడు. వరస అలిసిపోనాదని సెప్పు, సాలు."

అలాగే చేశాను. వరసలో పన్నెండు మంది అలుపూ కలిపి సగటు తీస్తే వచ్చే ఒకటే అంకె. అది అరవై దాటితే ఆ వరసకి కరెంటు పోతుంది, పావుగంట మిషన్లన్నీ ఆగిపోతాయి. ఆ అరవైని ఎవరూ మార్చకుండా, ఇనప్పెట్టె తాళం కప్పలు మూడూ ఊడదీసి, వరసలకి కరెంటు ఆపే మీటరు పెట్టెకి బిగించాను. మూడు చెవులూ ఒకేసారి తిప్పితే తప్ప హద్దు కదలదు. ఒక చెవి అన్న దగ్గర, ఒకటి తాత దగ్గర, ఒకటి అమ్మ దగ్గర.

ఈ పట్టీ రాకముందు మా ఆడవాళ్ళ దగ్గర ఇంకో పద్ధతుండేది. సాయం పట్టడం అంటారు. ఒకామె చేతులు తడబడుతుంటే పక్కామె అడక్కుండానే వచ్చి రెండు మిషన్లూ చూసుకుంటుంది. ఎవరూ థాంక్సులు చెప్పుకోరు. రేపు నాకు, ఎల్లుండి నీకు. పట్టీ వచ్చాక ఇది ఇంకా బాగా సాగింది. వరస అంకె పెరుగుతోందంటే ఎవరికో బాగోలేదని అర్థం, కళ్ళు వెతుక్కునేవి.

మొదటిసారి మిషన్లు ఆగిన రోజు ఆ నిశ్శబ్దంలో పిచ్చుకల అరుపులు వినిపించాయి. మిల్లు కప్పులో పిచ్చుకలున్నాయని ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మా అమ్మకి ఆ రోజే తెలిసింది. యజమాని పట్టీలు తీసెయ్యమన్నాడు. మేం తియ్యలేదు. అరవై ఒక్క రోజులు గేటు మూశాడు. అన్న తువ్వాలు వేసుకుని చర్చలకి వెళ్ళాడు, గెలిచి వచ్చాడు, ముడి విప్పాడు. ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలో ప్రతి మిల్లూ పట్టీలడిగింది. ఎన్నికలొచ్చాయి. జెండా కట్టిన ప్రతి ఊళ్ళో అలుపు పట్టీ గుర్తు వేశారు. అన్న ఎమ్మెల్యే అయ్యాడు, మా యూనియన్ల పార్టీయే ప్రభుత్వంలోకి వచ్చింది.

అన్న రాజధానికి బయల్దేరే ముందు ఆదివారం పాఠం పెద్ద తగువైంది. మిల్లులన్నీ ప్రభుత్వపరం చేస్తామనీ, హద్దు చట్టమవుతుందనీ, అందుకు తాళంచెవులు కూడా తనతో రావాలనీ అన్న అన్నాడు. నువ్వెళ్ళు, చెవులు మాత్రం ఇక్కడే ఉండనీ అన్నాడు తాత. యజమానితో చర్చలకెళ్తే ఇచ్చాం గానీ, నువ్వే యజమానివై కూర్చోడానికి వెళ్తుంటే ఎలా ఇస్తామన్నాడు. ఆఫీసంతా గొల్లుమంది. మనోణ్ణి పట్టుకుని యజమాని అంటావా తాతా అని ఆడవాళ్ళు కోప్పడ్డారు. నేనూ కోప్పడ్డాను.

"రాజ్యమంటే గుర్రం కాదు నాయినా, ఎక్కి తోలుకోడానికి," అన్నాడు తాత. "అది గానుగ. ఎవుడు కూకున్నా ఆ గుండ్రంలోనే తిరగాల."

"గానుగ మనదైతే నూనె మనదే కదా తాతా," అన్నాడు అన్న. అందరూ చప్పట్లు కొట్టారు. తాత ఆలోచించి, నూనె సంగతి నాకు తెలీదు గానీ గింజలు మాత్రం మనవే అన్నాడు. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది.

చేతులెత్తమన్నారు. తాత చెయ్యి ఒక్కటే కిందుంది. ఓడిపోయాక ఆయనే లేచి వచ్చి తన తాళంచెవిని అన్న తువ్వాలుకి ముడేశాడు. యూనియన్ మాట అంటే యూనియన్ మాటే ఆయనకి. అన్న చెవి అప్పటికే ఆ తువ్వాలు కొసన ఉంది. చివరగా అమ్మ కట్టింది. గట్టిగా, రెండు ముళ్ళు. బస్టాండు దాకా డప్పులతో దింపాం. మా వాళ్ళు తప్ప మరొకరు చెయ్యని తప్పు ఒకటుంది చూశారూ, అది ఆ రోజే చేశాం. ప్రభుత్వంలోకి వెళ్ళేవాణ్ణి చర్చలకి వెళ్ళేవాణ్ణి పంపినట్టే పంపాం. పైగా చెవులు తిరిగి రాకుండానే మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగిపోయాం.

మొదటి ఏడాది బాగుందనే చెప్పాలి. మిల్లు ప్రభుత్వానిదైంది. యజమాని బొమ్మ దించేశారు. గేటు మీద "మన మిల్లు" అని రాశారు. రాజధానిలో ఉత్పత్తి మండలి పెట్టి నన్ను చీఫ్ ఇంజనీరుగా వెయ్యమని అన్నే రాశాడు. ఏసీ గది, నీలం రంగు గుర్తింపు కార్డు, అటెండరు. అబద్ధమెందుకు, సంబరపడ్డాను.

తరవాత పైనుంచి అప్పులు ఆగిపోయాయి. బయటి కంపెనీలు గోనెసంచుల ఆర్డర్లు పక్క రాష్ట్రానికి ఇచ్చేశాయి. అన్న నన్ను పిలిచి, హద్దు అరవై నుంచి డెబ్భై చెయ్యాలన్నాడు. ఆరు నెలలు మాత్రమే అన్నాడు. చెవులు తిప్పాలంటే అమ్మా తాతా రావాలి కదా అన్నాను.

"నలభై మిల్లులున్నాయి పోలీ. నలభై చోట్లా మూడేసి ముసలి తాళం కప్పలు పెట్టుకుని రాష్ట్రాన్ని నడపగలమా?" అన్నాడు. "అప్పుడు మిల్లు వాడిది, అందుకని ఆపాం. ఇప్పుడు మనది. మన మీద మనమే సమ్మె చేస్తామా?"

ఇప్పటికీ ఆ ప్రశ్న తెలివైనదే అనిపిస్తుంది. తెలివైన ప్రశ్న వేసినవాడు నిజం చెబుతున్నాడని అనుకోవడమే నా తెలివితక్కువతనం. సారిపేట వెళ్ళి మీటరు పెట్టె లోపలి మరలన్నీ మార్చేశాను. ఇక హద్దు మండలి గదిలోంచే కదులుతుంది. కప్పలు మూడూ పైన ఎప్పట్లాగే వేలాడుతుంటాయి, కానీ వాటికీ పెట్టెకీ సంబంధం లేదు. అవి ఊడదీస్తే జనం కంగారు పడతారు, ఉండనీ అని అన్న చెప్పాడు. ఎవరితోనూ అనకు అని కళ్ళతో సైగ చేశాడు. చిన్నప్పుడు ఉట్టి మీద బెల్లం దొంగిలించి అలాగే సైగ చేసేవాడు. నేనెప్పుడూ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు.

ఆరు నెలలు గడిచాయి. డెబ్భై కాస్తా డెబ్భై ఎనిమిదైంది. అన్న మాట కూడా మారింది. పూర్వం "నాను" అనేవాడు, ఇప్పుడు నాతో మాట్లాడుతున్నా "ప్రభుత్వం" అంటున్నాడు. అంతలో ఇంకో ఊరి మిల్లులో ఒకామె చెయ్యి మిషన్లో పోయింది. నేను ఆ వరస అంకె తీసి చూశాను. డెబ్భై ఆరు, హద్దు లోపలే. ఆమె ఒక్కదాని అలుపు మాత్రం తొంభై ఏడు. పదకొండు మంది అలుపు ఆమె అలుపుని కప్పేసింది. నాన్న సాసరు గుర్తొచ్చింది. అన్న గదికి పరుగెత్తాను. హద్దు మళ్ళీ అరవై చెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను.

ఆయన కదిలిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సగటు తీయడం వల్లే ఈ ప్రమాదం జరిగింది, ఎవరి అలుపు వాళ్ళకి విడిగా చూద్దాం, ఇంకెవరూ ఇలా దాగిపోకూడదు అన్నాడు. అది దయగల మాటలాగే వినిపించింది. హద్దు సంగతి మరిచిపోయి ఆ దయ పట్టుకుని వచ్చేశాను. వారంలో ప్రతి అంకె పక్కనా నంబరు పెట్టాను, నంబరు పక్కన పేరు. పేరుంటే ఎవుడో ఒకడు పట్టుకుంటాడని తాత అన్నాడుగా. పట్టుకున్నారు. నెల తిరక్కుండానే విశ్రాంతి జాబితా అని ఒకటి వచ్చింది. తొందరగా అలిసిపోయే వాళ్ళ పేర్లన్నీ అందులోకి ఎక్కాయి. విశ్రాంతి అంటే రేపట్నుంచి రావద్దని. ఏరు దాటి తెప్ప తగలెయ్యడం విన్నాను గానీ, తెప్ప చేసినవాళ్ళ చేతే తగలబెట్టించడం అక్కడే చూశాను.

ఓ మధ్యాహ్నం కంప్యూటరు సారిపేట మూడో వరసని ఎర్రగా చూపించింది. పన్నెండు మంది అంకెలూ ఒకటే. డెబ్భై నాలుగు, డెబ్భై నాలుగు, డెబ్భై నాలుగు. ఇరవై ఏళ్ళ పిల్లకీ అరవై ఏళ్ళ మనిషికీ ఒకే అలుపు ఉండడం అసాధ్యం, పట్టీలు చెడిపోయాయన్నారు కింది ఇంజనీర్లు. నాకు చూడగానే తెలిసిపోయింది. సాయం పడుతున్నారు. జాబితాలోకి ఎవరూ వెళ్ళకుండా ఒకరి అలుపు ఒకరు పంచుకుంటున్నారు. నాకు గర్వంగా అనిపించింది. ఆ సాయంత్రమే కొత్త నిబంధన వచ్చింది. దాని పేరు "అలుపు దాచడం", నేరం. మొదలుపెట్టిన మనిషిని తొలగించాలి. రెండు మిషన్ల బరువుతో ఎవరి అంకె మొదట ఎగబాకుతోందో పట్టీయే చెబుతుంది. చెప్పింది. ఒకటో నంబరు.

పేరు లేకుండా, నంబరు మాత్రమే రాసి కాగితం అన్న ముందు పెట్టాను. చూస్తే ఆగుతాడనుకున్నాను. నా ఆశ అంతా ఆ ఒక్క అంకె మీదే.

"ఒకటా?" అన్నాడు.

"నువ్వే కట్టావు అన్నియ్యా," అన్నాను.

ఆయన కిటికీ బయట కార్ల వైపు చూశాడు. తరవాత పెన్ను తీసుకున్నాడు. మంత్రి తల్లికో రూలు, మందికో రూలు అంటే రేపు నన్నెవడు నమ్ముతాడు పోలీ అన్నాడు. సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు. నేను చూశాను.

ఆ కాగితం చేరిన మర్నాడు పొద్దున్న మా అమ్మ ఎప్పట్లాగే అంబలి గిన్నె పట్టుకుని షిఫ్టు టైముకి మిల్లుకి వెళ్ళి, గేటు బయట కూర్చుంది. వాచ్‌మన్ వెళ్ళిపొమ్మంటే, మా వోడు చర్చలకి వెళ్ళాడు, తాళాలింకా రాలేదు, అవి వచ్చేదాకా లోపలికి వెళ్ళకూడదు కదా అందట. మతి పోయిందేమో అనుకున్నారు. కూర్మయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మూడో వరస మొత్తం వచ్చింది. మూడో రోజుకి మిల్లు ఖాళీ. అందరికీ పద్ధతి గుర్తొచ్చింది. మూడేళ్ళు ఆలస్యమైంది, అంతే.

నాలుగో రోజు అన్న కారులో వచ్చాడు. వెనక కారులో నన్ను కూడా తీసుకొచ్చాడు. ఆయన భుజం మీద ఆ పాత తువ్వాలే ఉంది. కొసన ముడి కనిపించగానే జనంలో అలజడి రేగింది. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. అన్న మైకు కూడా వద్దన్నాడు. తప్పయిపోయింది, తాళాలు నాతోనే ఉండిపోయాయి, ఇదిగో మీవి మీకిచ్చేస్తున్నాను అన్నాడు. ముడి అంత తేలిగ్గా విడలేదు. అమ్మ వేసిన ముడి కదా, పంటితో లాగాల్సి వచ్చింది. తాతది తాతకిచ్చాడు. తన చెవి మూడో వరస పిల్ల చేతిలో పెట్టాడు. అమ్మది అమ్మకిచ్చి కాళ్ళకి దండం పెట్టాడు. జిందాబాద్‌లు మొదలయ్యాయి. ముందు వరసల వాళ్ళు చీరలకంటిన దుమ్ము దులుపుకుని లేస్తున్నారు. గేటు తెరుచుకుంది.

అమ్మ మాత్రం లేవలేదు. తాళంచెవిని అరచేతిలో తిప్పి తిప్పి చూసింది. తరవాత జనంలోంచి నన్ను వెతికి పట్టుకుంది.

"పోలీ, పెట్టె సేసినదానివి నువ్వు," అంది. "ఇయి తీస్తాయా?"

అన్న నా వైపు చూశాడు. అదే సైగ. బెల్లం నాటిది. నలభై ఏళ్ళ మనిషి, మంత్రి, కళ్ళల్లో మాత్రం అదే చిన్నపిల్లాడు. ఆ సైగకి నేను ఇన్నేళ్ళూ అమ్ముడుపోయాను. చెప్పకపోతే అందరూ లోపలికి వెళ్తారు, అమ్మకి పని తిరిగొస్తుందేమో కూడా. రాజధానిలో బయల్దేరే ముందు ఆయన ఆ మాటే ఇచ్చాడు. అమ్మ చెయ్యి చూశాను. చెవి పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు చదవడానికి నాకు పట్టీ అక్కర్లేదు.

"తియ్యవమ్మా," అన్నాను. "రెండేళ్ళ కిందటే మార్చేశాను. నేనే మార్చాను."

జిందాబాద్‌లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. లేచిన వాళ్ళు నిలబడిపోయారు. అన్న ఏదో అనబోయాడు, ప్రభుత్వం అనే మాట దాకా వచ్చి ఆగిపోయాడు. అమ్మ ఆయన్ని కోప్పడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. దగ్గరికి రమ్మంది. తాత చేతిలోదీ, ఆ పిల్ల చేతిలోదీ తీసుకుని, తనది కలిపి, మూడు చెవుల్నీ మళ్ళీ ఆయన తువ్వాలుకి కట్టింది. రెండు ముళ్ళు. తువ్వాలు భుజం మీద సర్దింది.

"అయితే నువ్వింకా సర్చల్లోనే ఉన్నావు నాయినా," అంది. "ఎల్లిరా. మేం ఇక్కడే ఉంటాం."

అన్న కారెక్కాడు. తువ్వాలు తలుపులో ఇరుక్కుంటే డ్రైవరు మళ్ళీ తలుపు తీసి లోపలికి తోశాడు.

నేను నీలం కార్డు మెడలోంచి తీసి జేబులో పెట్టుకుని, అమ్మ పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చోబోయాను. అమ్మ అంబలి గిన్నె తీసి ఆ ఖాళీలో పెట్టింది. నా మొహం చూడలేదు.

"నువ్వూ ఇంకా రానేదు పోలీ," అంది.

ఇది జరిగి ఇవాళ్టికి ఐదు రోజులు. పోలీసు వ్యాన్లు రెండు వచ్చి చెట్టు నీడన ఆగి ఉన్నాయి. మీటరు పెట్టె మరలు మళ్ళీ పాత పద్ధతిలో ఎలా బిగించాలో కాగితం మీద గీసి తాతకిచ్చాను. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు వరసలు వరసలుగానే కూర్చున్నారు, మిల్లులో నిలబడే క్రమంలోనే. నేను అన్నిటికంటే చివరి వరసలో, ఎండలో కూర్చుంటున్నాను.